బీటలు వారిన ఇల్లు కొనవచ్చా?

హౌరా–ముంబయి మెయిన్ లైను మీద బిలాస్‌పూర్ దాటి చాంపా వైపు వెళ్తుంటే మొదట్లోనే తగిలే చిన్న స్టేషను గతౌరా. విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్ వెళ్లేదీ ఈ దారినే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జనం ఈ లైను మీద పనికి వచ్చి, తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు మాట వినిపించడం, శోలాపురి మాత పూజ జరగడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమయ్యాక ఊరు ఇంకా పెరిగింది. శివారు వరి మళ్లు ప్లాట్లయ్యాయి.

రైల్వే క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ గోడ పగిలితే పనుల ఇన్‌స్పెక్టర్ (ఐఓడబ్ల్యూ) ఆఫీసుకు ఒక కాగితం రాసిస్తే సరిపోయేది. రిటైరై, పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చి, సొంతిల్లు వెతుక్కునే రోజున ఆ గోడ బాధ్యత మన నెత్తికెక్కుతుంది. అనుకుందాం: గతౌరా దగ్గర ఒక ఇల్లు నచ్చింది. రెండు పడగ్గదులు, చుట్టూ ఖాళీ, ధర చుట్టుపక్కల ఇళ్లకన్నా తక్కువ. కాకపోతే వెనక గదిలో కిటికీ పై మూల నుంచి కప్పు దాకా ఒక వాలు పగులు. ఇంటివాళ్లు "అది ప్లాస్టర్ పగులే, పుట్టీ పెడితే పోతుంది" అంటారు. పక్కింటివాళ్లు "బొగ్గు రైళ్లు తిరుగుతుంటే ఇళ్లు అదరవా మరి!" అంటారు. తోడు తీసుకెళ్లిన మేస్త్రీ గోడ మీద రెండు దెబ్బలు కొట్టి "పిల్లర్లు గట్టిగానే ఉన్నాయి సార్" అంటాడు. ముగ్గురూ తమకు తెలిసింది చెప్పారు. అయితే ముగ్గురూ చూసింది గోడనే. జవాబు గోడ కింద ఉంది.

నేల కులం

ఛత్తీస్‌గఢ్ మైదానపు రైతు నేలను నాలుగు రకాలుగా చెబుతాడు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా మిట్ట మీది ఎర్ర గరప నేల. గులకరాళ్లు, మురుము తప్ప ఏమీ ఉండదు, పంటకు పెద్దగా పనికిరాదు. దానికి దిగువన పసుపు రంగు ఇసుక కలిసిన మటాసీ. ఇంకా పల్లానికి వస్తే బంకపాలు పెరిగి డోర్సా అవుతుంది. అన్నిటికన్నా దిగువన, నీరు చేరే చోట, ముదురు రంగు బంకమట్టి కన్హార్. మన రేగడికి ఇది దగ్గరి చుట్టం. తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి వరి కోసిన తర్వాత అదే చెమ్మ మీద శనగ, గోధుమ వేసుకోవచ్చు. అందుకే రైతుకు కన్హార్ అంటే ప్రాణం.

ఇంటి విషయానికి వస్తే ఈ వరస తలకిందులవుతుంది. రైతు వద్దని వదిలేసిన భాటా మీద పునాది నిక్షేపంగా నిలుస్తుంది. రైతు ఎగబడి కొనే కన్హార్ మీద అదే పునాది ఏటా ఊగిసలాడుతుంది. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న ఇంటివాళ్లకు వేసేది కాదు, ఊళ్లో ముసలి రైతుకు వేసేది: "ఈ ప్లాటు ఇంతకుముందు ఏ నేల?" కన్హార్ అన్నా, డబరీ (చిన్న చెరువు) పూడ్చిన చోటు అన్నా, జాగ్రత్త పడాలి. అడగడానికి ఎవరూ దొరక్కపోతే మే నెలలో పక్క పొలాలు చూడండి. నేల నెర్రెలు విచ్చి, చెయ్యి దూరేంత సందులు కనిపిస్తే ఇంటి కింద కూడా అదే మట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి చుట్టూ పైన మురుము పరిచినంత మాత్రాన కింది మట్టి మారదు.

పాత వాస్తు గ్రంథాల్లోనూ నేల పరీక్ష ఉంది. వరాహమిహిరుడి బృహత్సంహిత గొయ్యి తీసి, తీసిన మట్టితోనే పూడ్చమంటుంది. మట్టి మిగిలితే మంచి నేల, చాలకపోతే చెడ్డది. గోతిలో నీళ్లు నింపి నూరడుగులు నడిచి వచ్చి, నీరు ఎంత మిగిలిందో చూడమనే పరీక్ష కూడా ఉంది. ఇందులో తర్కం ఉంది. గట్టిగా దిమ్మెసకట్టిన నేలను తవ్వితే మట్టి గుల్లబారి ఎక్కువవుతుంది. వదులు నేల, పూడ్చిన నేల ఈ పరీక్షలో దొరికిపోతాయి. కన్హార్ మాత్రం దొరకదు. వానాకాలంలో తవ్వితే అది పెళ్లలు పెళ్లలుగా లేచి మట్టి మిగులుతుంది, నీటినీ త్వరగా ఇంకనివ్వదు. రెండు పరీక్షల్లోనూ మంచి మార్కులు తెచ్చుకుంటుంది. ఆ పరీక్షలు నేల బిగువును కొలుస్తాయి. కన్హార్‌తో వచ్చే చిక్కు వేరు, అది ఉబ్బుతుంది.

మట్టి ఎందుకు ఉబ్బుతుంది?

బంకమట్టి రేణువులన్నీ ఒకటి కావు. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కేయోలినైట్ పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, మధ్యలోకి నీరు దూరలేదు. నల్ల నేలల్లో ఎక్కువగా ఉండే స్మెక్టైట్ జాతి ఖనిజాల కథ వేరు. వాటి పొర ఒక్కొక్కటి సుమారు ఒక నానోమీటరు మందం, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఆ పొరల దొంతర విస్తరాకుల కట్టలా వదులుగా ఉంటుంది. పొరల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి దాన్ని సరితూచడానికి మధ్యలో సోడియం, కాల్షియం అయాన్లు చేరతాయి. నీరు తగలగానే ఆ అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ లాక్కుంటాయి. పొరలు ఎడమవుతాయి. గ్రాము స్మెక్టైట్‌లో ఇలా నీరు అంటుకోగల ఉపరితలం 800 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. కేయోలినైట్‌లో అది పది, ఇరవై మాత్రమే.

ఎండాకాలంలో ఈ నాటకం వెనక్కి నడుస్తుంది. నీరు పోయిన కొద్దీ పొరలు దగ్గరవుతాయి, మట్టి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. బిలాస్‌పూర్‌లో ఏడాది వాన సుమారు 1,200 మిల్లీమీటర్లు. దాదాపు అంతా జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి లోపే పడిపోతుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఉబ్బే మట్టికి ఇంతకన్నా కఠినమైన వాతావరణం అరుదు: పూర్తిగా తడవడం, పూర్తిగా ఎండడం, ఏటా ఒకసారి తప్పకుండా.

ఈ బెడద ప్రపంచమంతటా ఉంది. 1973లో జోన్స్, హోల్ట్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు అమెరికాలో ఉబ్బే నేలల వల్ల ఏటా 230 కోట్ల డాలర్ల నష్టమని లెక్కగట్టారు. వరదలు, తుపానులు, టోర్నడోలు, భూకంపాలు అన్నీ కలిపి చేసే నష్టంకన్నా అది ఎక్కువని వారి అంచనా. కూలిన ఇల్లు పేపర్లోకెక్కుతుంది. ఏటా కాస్త కాస్త పగిలే ఇల్లు ఇంటాయన జేబుకే తెలుస్తుంది.

రెండు గాజు జాడీలు, కాస్త కిరోసిన్

మట్టి ఉబ్బే గుణాన్ని తెలుసుకోవడానికి భారతీయ ప్రమాణాల్లో ఒక సులువైన పరీక్ష ఉంది. ఐఎస్ 2720, 40వ భాగం. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ప్రతి కుర్రాడూ కాలేజీ ల్యాబ్‌లో చేసి ఉంటాడు. దీన్ని దగ్గర నుంచి చూస్తే మట్టి స్వభావం కళ్లకు కడుతుంది.

పైమట్టి పనికిరాదు. పునాది లోతు నుంచి, అంటే కనీసం మీటరున్నర కింది నుంచి తీసిన మట్టి కావాలి. దాన్ని ఎండబెట్టి, నలగ్గొట్టి, 425 మైక్రాన్ల జల్లెడలో జల్లించాలి. ఆ పొడి పది గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచి, మిల్లీలీటర్ల గీతలున్న రెండు గాజు జాడీల్లో పోయాలి. ఒక జాడీలో కిరోసిన్, ఇంకోదానిలో డిస్టిల్డ్ వాటర్ 100 మిల్లీలీటర్ల గీత దాకా నింపాలి. గాలిబుడగలు పోయేలా మెల్లగా కలిపి, ఇరవైనాలుగు గంటలు కదపకుండా వదిలేయాలి.

మర్నాడు రెండు జాడీల అడుగున మట్టి పేరుకుని ఉంటుంది. కిరోసిన్ అణువుకు నీటి అణువులా రెండు కొసల ఆవేశం ఉండదు, కాబట్టి అది పొరల మధ్యకు వెళ్లదు. ఆ జాడీలో మట్టి తన అసలు పరిమాణంలోనే ఉంటుంది. నీటి జాడీలో పెరుగుతుంది. ఉదాహరణకు కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగింది, నీటిలో 18కి చేరిందనుకోండి. పెరిగింది 8, అసలు 10. అంటే స్వేచ్ఛా ఉబ్బు సూచిక 80 శాతం. ఐఎస్ 1498 ప్రకారం ఇది 50 లోపు ఉంటే ఉబ్బు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, 200 దాటితే తీవ్రం. లక్షలు పోసి కొనే ఇంటి విషయంలో ఇంత చవక పరీక్షను అడిగేవాళ్లు అరుదు. ఈశాన్యం మూల ఎంత పెరిగిందో టేపు పెట్టి కొలిచేవాళ్లు మాత్రం చాలామంది.

బరువైన ఇంటికన్నా తేలిక ఇంటికే ముప్పు

బరువు ఎక్కువైతే పునాది దిగుతుందని మనందరి నమ్మకం. ఉబ్బే నేల మీద లెక్క తిరగబడుతుంది. ఒక అంతస్తు ఇంటి తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దాని మీద స్లాబు బరువు కలిపి, రెండడుగుల వెడల్పు పునాది మీద వేసి చూస్తే నేల మీద పడేది చదరపు మీటరుకు సుమారు 4 టన్నులు. ఉబ్బే గుణం ఎక్కువున్న నల్లమట్టి తడిసినప్పుడు పైకి తోసే ఒత్తిడి 10 నుంచి 20 టన్నులు ఉండవచ్చు. మట్టి ఇంటిని అవలీలగా ఎత్తేస్తుంది. నాలుగైదు అంతస్తుల కట్టడం తన బరువుతో ఆ తోపును చాలావరకు అణచిపెడుతుంది. అందుకే ఇలాంటి నేలల మీద ముందు బీటలు వారేవి కాంపౌండు గోడలు, తర్వాత పోర్టికోలు, ఆ తర్వాత ఒకంతస్తు ఇళ్లు.

ఇంకో సంగతి. ఇంటి అడుగునంతా ఒకేలా తడవదు, ఒకేలా ఎండదు. నడిమధ్య నేలకు ఎండా తగలదు, వానా తగలదు. అక్కడి తేమ ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. అంచుల్లో అలా కాదు. వేసవిలో అంచులు ఎండి దిగుతాయి, వర్షాకాలంలో తడిసి లేస్తాయి. పగుళ్ల ఆకారం ఇక్కడి నుంచే వస్తుంది. వాలు పగులు పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంటే ఇంటి కొసలు దిగినట్టు, లేదా మధ్య లేచినట్టు. కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంటే మధ్య దిగినట్టు, లేదా కొసలు లేచినట్టు. మనం చూసిన ఇంట్లో కిటికీ మూల పగులు పైన వెడల్పు, కింద సన్నం అయితే వెనక గోడ దిగుతోందని మొదటి అనుమానం. వెంటనే ఆ గోడ బయటికి వెళ్లి చూడాలి. పక్కనే పెద్ద యూకలిప్టసో, రావిచెట్టో ఉందా? అది వేసవిలో ఇంటి కింది తేమను పీల్చేస్తుంది. స్నానాల గది పైపు కారుతోందా? సెప్టిక్ ట్యాంకు అక్కడే ఉందా? కప్పు మీది నీళ్లన్నీ ఆ మూలనే పడుతున్నాయా?

పునాదితో సంబంధం లేని పగుళ్లూ చాలా ఉన్నాయి. వాటిని చూసి బెదరనక్కరలేదు. ప్లాస్టర్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్నగీతలు సిమెంటు త్వరగా ఆరడం వల్ల వచ్చేవి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిట్టనిలువు గీత రెండు వేర్వేరు పదార్థాల అతుకు. స్లాబుకు సరిగ్గా కింద, గోడ పైభాగంలో అడ్డంగా వచ్చే పగులు ఎండ చేసిన పని. పది మీటర్ల కాంక్రీటు స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు సాగుతుంది, గోడ అంత సాగదు. బీము వెంబడి తుప్పు మరకతో నడిచే పగులు లోపలి ఇనుము జబ్బు. ప్రమాదమే గానీ, దాని వైద్యం వేరు.

రైలును నిందించవచ్చా?

రైల్వే ఊళ్లో ఏ గోడ పగిలినా ముందు పేరు రైలుది. హౌరా–ముంబయి లైను మీద బొగ్గు రైళ్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. కిటికీ అద్దాలు గలగలలాడతాయి, మంచం అదురుతుంది. అయితే మన ఒంటికి తెలిసే అదురుకూ, గోడను పగలగొట్టే అదురుకూ మధ్య చాలా దూరం ఉంది. నేల కంపన వేగం సెకనుకు 0.3 మిల్లీమీటర్ల దగ్గరే మనిషికి తెలిసిపోతుంది. ఇళ్లకు హాని జరిగే హద్దుగా జర్మనీ డీఐఎన్ 4150 ప్రమాణం తక్కువ పౌనఃపున్యాల దగ్గర పెట్టుకున్న అంకె సెకనుకు 5 మిల్లీమీటర్లు. ట్రాకుకు కొన్ని పదుల మీటర్ల దూరంలో ఉన్న ఇంట్లో మామూలుగా దానికన్నా చాలా తక్కువే నమోదవుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇంటి కింద సరిగా దిమ్మెస చేయని ఇసుకో, పూడిక మట్టో ఉంటే ఏళ్ల తరబడి సాగే చిన్న అదురు దాన్ని మెల్లగా కుదించగలదు. అప్పుడు కూడా రైలు తోడుదొంగే, అసలు దొంగ వదులు పూడికే. ఎవరిది తప్పో తేల్చడం కష్టమేమీ కాదు. రైలే కారణమైతే ట్రాకు దగ్గరి ఇళ్లు ఎక్కువ పగలాలి, దూరం పోయేకొద్దీ తగ్గాలి, పగులు ఏ నెలలోనైనా పెరగాలి. మట్టే కారణమైతే ట్రాకుకు కిలోమీటరు దూరంలో ఉన్న కన్హార్ మీది ఇల్లు కూడా పగులుతుంది, పగులు నెలలను బట్టి మారుతుంది.

ఎంత వంకర ఎక్కువ?

1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 98 కట్టడాల లెక్కలు సేకరించారు. వాటిలో 40 దెబ్బతిన్నవి. వాళ్లు తేల్చింది ఒక సులువైన నిష్పత్తి. ఇల్లంతా సమంగా దిగితే గోడలకు ఏమీ కాదు, పక్కపక్క పిల్లర్ల మధ్య తేడాయే పగలగొడుతుంది. ఆ తేడా దూరంలో 300వ వంతు దాటితే గోడలు పగులుతాయి, 150వ వంతు దాటితే పిల్లర్లు, బీములు కూడా దెబ్బతింటాయి. మూడు మీటర్ల ఎడమున్న రెండు పిల్లర్ల మధ్య 10 మిల్లీమీటర్ల తేడా వస్తే గోడ పగులు, 20 వస్తే కట్టడానికే ముప్పు.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మేస్త్రీ దగ్గరుండే పారదర్శక నీళ్ల పైపు చాలు. పైపు నిండా బుడగలు లేకుండా నీళ్లు పోసి, ఒక కొస ఒక మూల, రెండో కొస ఇంకో మూల పట్టుకుంటే రెండు కొసల్లో నీటి మట్టం ఒకటే. ఇల్లంతా తిరుగుతూ ప్రతి మూలా పెన్సిలుతో ఆ మట్టం గీయాలి. గీత నుంచి కిటికీ అడుగు అంచు దాకా, స్లాబు అడుగు దాకా టేపుతో కొలవాలి. గచ్చును నమ్మవద్దు, మొదటే వాలుగా వేసి ఉండవచ్చు. ఒకే వరుసలో కట్టిన కిటికీల అంచులు ఇప్పుడు తేడా చూపిస్తుంటే అది కదలిక. గుమ్మం రెండు కర్ణాలూ కొలవండి. తేడా ఉంటే చట్రం వంగింది. తలుపు పట్టేయడం ఒక్కటే చాలదు, వానలకు కర్ర కూడా ఉబ్బుతుంది.

పగులు వెడల్పుకు బ్రిటన్ భవన పరిశోధన సంస్థ 1981లో ఇచ్చిన పట్టిక ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మిల్లీమీటరు లోపు పగులు రంగుతో పోతుంది. 5 మిల్లీమీటర్ల దాకా పూడ్చుకోవచ్చు. 5 నుంచి 15 మధ్య ఉంటే కొన్ని ఇటుకలు తీసి కట్టాలి. 25 దాటితే ఆ భాగాన్ని పడగొట్టి కట్టే పరిస్థితి.

అసలు ప్రశ్న: కదలిక ఆగిందా?

ఈ పట్టికలన్నిటిలో ఒక లోటుంది. అవి ఈ రోజు చెబుతాయి, రేపటి సంగతి చెప్పవు. పది మిల్లీమీటర్ల పగులు పదేళ్ల కిందట వచ్చి ఆగిపోయి ఉంటే దానికి పెద్ద విలువ లేదు. రెండు మిల్లీమీటర్ల పగులు ఏటా మిల్లీమీటరు పెరుగుతుంటే అదే పెద్ద ప్రమాదం. కొనేవాడు తెలుసుకోవాల్సింది పగులు ఎంత ఉందని కాదు, ఎటు వెళ్తోందని. ఆ లెక్కన పునాది కదలికలు మూడు రకాలు.

మొదటిది, ఆగిపోయిన కదలిక. కొత్త ఇంటి బరువుకు కింది బంకమట్టిలోంచి నీరు మెల్లగా బయటికి వచ్చి, మట్టి కుదించుకుని, ఒక చోట నిలుస్తుంది. 1925లో కార్ల్ టెర్జాగీ దీని గణితం చెప్పాడు. అందులో పనికొచ్చే ముక్క ఇది: మిగతావన్నీ సమానమైతే ఈ కుదింపుకు పట్టే కాలం పొర మందం వర్గంతో పెరుగుతుంది. మీటరు బంకపొరకు ఏడాది పడితే మూడు మీటర్ల పొరకు తొమ్మిదేళ్లు. కట్టి పదిహేనేళ్లయి, పగుళ్లు పాతబడి, కొత్తవి రాని ఇల్లు ఈ రకం కావచ్చు.

రెండోది, రుతువుతో పాటు ఊగేది. కన్హార్ మీది ఇళ్లన్నీ ఇదే జాతి. వేసవిలో తెరుచుకునే పగులు వానలకు మూసుకుంటుంది. అక్టోబరులో ఇల్లు చూసినవాడికి గీత మాత్రమే కనిపిస్తుంది, మే చివర చూసినవాడికి వేలు దూరేంత సందు కనిపిస్తుంది.

మూడోది, ఒకే దిక్కున సాగేది. డబరీ పూడ్చి, పైన మురుము పరిచి కట్టిన ఇల్లు, లేక బూడిద నింపిన పల్లంలో కట్టిన ఇల్లు. బిలాస్‌పూర్‌కు దగ్గరలోనే సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు విద్యుత్తు ఉన్న ప్రతి ప్రాంతంలోనూ పల్లపు నేలలు నింపడానికి బూడిద వాడతారు. పొరలు పొరలుగా తడిపి, రోలరు తొక్కిస్తే బూడిద గట్టి నేలే అవుతుంది. లారీల్లో తెచ్చి గుమ్మరించి వదిలేస్తే మాత్రం నీరు దిగినప్పుడల్లా కుంగుతుంది. కారే పైపు, చీలిన సెప్టిక్ ట్యాంకు కూడా ఆపేదాకా సాగే రోగాలే.

పీసా గోపురం ఈ మూడో రకానికి పెద్దన్న. 1173లో మొదలుపెట్టిన కట్టడం మెత్తని నేల మీద శతాబ్దాల పాటు ఒకే వైపు ఒరుగుతూ వచ్చింది. 1990లో మూసేసి, ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు పునాది కింది మట్టిని కొంచెం కొంచెంగా తీసి, 2001లో మళ్లీ తెరిచారు. కదలికను ఆపవచ్చని అది రుజువు చేసింది. కానీ గతౌరాలో రెండు పడగ్గదుల ఇంటికి అంతర్జాతీయ నిపుణుల సంఘం రాదు.

ఏ రకమో తేల్చడానికి నికరమైన పద్ధతి కాలం. పగులుకు అటూ ఇటూ రెండు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, గోడ మీదే తేదీ రాయాలి. పగులు కొసల దగ్గర పెన్సిలు గీత పెట్టాలి. మే చివర ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి కొలిస్తే రుతుచక్రం రెండు కొసలూ చేతికొస్తాయి. 1976 కరువులో దక్షిణ ఇంగ్లండులో బంకనేలల మీది వేల ఇళ్లు పగిలాయి. పగులు కనిపించగానే పునాది తవ్వకుండా ముందు కొన్ని నెలలు కొలవడం అక్కడ తర్వాత పద్ధతిగా స్థిరపడింది.

అంత వ్యవధి లేదంటే ఇల్లే దాచుకున్న చరిత్రను చదవాలి. పగులులో టార్చి వేసి చూడండి. లోపలి అంచులు నల్లగా, మట్టి పట్టి ఉంటే పాతది. ఇటుక ఎర్రగా, ఇప్పుడే విరిగినట్టు ఉంటే కొత్తది. లోపల రంగు కనిపిస్తే ఒకసారి రంగు వేశాక కూడా తెరుచుకునే ఉందని అర్థం. పుట్టీ మీద పుట్టీ పొరలుంటే ఏటా తిరిగి వస్తోంది. తలుపు పై అంచు చిత్రిక పట్టి ఉందా, గడియ రంధ్రం కింద ఇంకో రంధ్రం ఉందా చూడండి. ఒక్క గదికే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి.

మందులు, వాటి వరస

రెండో రకం ఇంటికి మొదటి మందు చవకైనది: నీటిని అదుపులో పెట్టడం. ఇంటి చుట్టూ మీటరు, మీటరున్నర వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు అరుగు, కప్పు నీళ్లు దూరంగా పోయే పైపులు, కారే గొట్టాల మరమ్మతు. అంచుల తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉంటే ఊగిసలాట చాలావరకు తగ్గుతుంది. గోడను ఆనుకున్న పెద్ద చెట్టును ఆవేశంగా కొట్టేయకండి. ఏళ్ల తరబడి అది పీల్చిన నేల, చెట్టు పోగానే తేమ చేరి లేస్తుంది. ఇదంతా చేశాక మాత్రమే, అదీ కదలిక ఆగకపోతేనే, పునాదిని కింది గట్టి పొర దాకా దించే అండర్‌పిన్నింగ్, మైక్రోపైళ్ల (నేలలోకి దించే సన్నని పునాది స్తంభాల) మాట.

ఇలాంటి నేలకు కొత్తగా కట్టేటప్పుడు చేయగలిగేది మన దేశంలో ఏనాడో తేలింది. నల్లమట్టిలో రుతువుల ప్రభావం సుమారు మూడున్నర మీటర్ల లోతుకే పరిమితం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల నుంచి అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైలు ఆ లోతుకు దిగి, అడుగున కాండంకన్నా రెండున్నర రెట్లు వెడల్పున్న గడ్డతో నేలను పట్టుకుంటుంది. ఉబ్బే మట్టి పైకి లాగినా ఆ గడ్డ రానివ్వదు. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి ఉబ్బని బంకమట్టి పొరను పైన పరిచి నల్లమట్టిని అణచిపెట్టే పద్ధతి చూపారు. కాకినాడ జేఎన్‌టీయూలో ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ గులక పైలుకు అడుగున ఇనుప పలక, కడ్డీ తగిలించి లంగరులా వాడే విధానం మీద పనిచేశారు. కాబట్టి ఇంటివాళ్లను అడగాల్సిన ప్రశ్న "పిల్లర్లు ఉన్నాయా?" కాదు. "పిల్లర్లు ఎంత లోతు నుంచి లేచాయి, ఎవరు డిజైన్ చేశారు, డ్రాయింగు ఉందా?"

లెక్క, చట్టం, నిర్ణయం

ధర తక్కువే కదా అనే ఆశకు ఒక లెక్క కావాలి. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. అలాంటిదే నిక్షేపంగా ఉన్న ఇల్లు 30 లక్షలు. ఇంజనీరు చెప్పిన మరమ్మతు 4 లక్షలు. ఆ మరమ్మతు విఫలమయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు, విఫలమైతే ఇంకో 8 లక్షలు. సగటున అది 2 లక్షలు. అంటే 24 లక్షలకు మించి ఇవ్వకూడదు. రేపు మీరు అమ్మబోతే కొనేవాడు కూడా ఇదే అధ్యాయం చదివి వస్తాడు కాబట్టి ఇంకొంత తగ్గించాలి.

అయితే సగటు లెక్క వంద ఇళ్లు కొనే వ్యాపారికి సరిపోతుంది. ఒకే ఇల్లు, రిటైర్మెంటు డబ్బుతో కొనేవాడికి సగటు ఎప్పుడూ జరగదు. అతనికి జరిగేది ఏమీ కాకపోవడమో, మొత్తం 8 లక్షలూ పోవడమో. కాబట్టి అతను వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: అన్నిటికన్నా చెడ్డది జరిగితే తట్టుకోగలనా? తట్టుకోలేకపోతే ఎంత ధర తగ్గించినా అది బేరం కాదు.

చట్టం కొంత ఆసరా ఇస్తుంది, కొంతే. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. దాచితే మోసం. అదే వాక్యంలో మెలిక కూడా ఉంది: కళ్లెదుట కనిపించే పగులు మామూలు జాగ్రత్తతో తెలిసేదే. అందుకే ఇంతకుముందు పునాది మరమ్మతు చేయించారా, ఎప్పుడు, ఎందుకు అని రాతపూర్వకంగా అడిగి, జవాబు రాతలోనే తీసుకోవాలి. బిల్డరు దగ్గర కొత్తగా కొంటే 2016 రెరా చట్టం 14వ సెక్షన్ అండ ఉంది. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే చెప్పిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. పాత ఇంటి అమ్మకానికి ఆ రక్షణ లేదు. ఇంటి బీమా మీద భరోసా పెట్టుకోవద్దు. 2021 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ నేల కుంగడాన్ని భరిస్తుంది గానీ, పూడిక నేల దిగడాన్ని, లోపభూయిష్టమైన కట్టడాన్ని మినహాయిస్తుంది. బ్యాంకు లోను ఇచ్చిందంటే ఇల్లు మంచిదని కాదు. వాల్యూయర్ చూసేది మార్కెట్ ధర, మట్టి కాదు.

ఇక నిర్ణయం. కదలిక ఆగిపోయిందని రుజువుంటే, మరమ్మతు ఖర్చు తగ్గించి కొనండి. రుతువుతో ఊగుతోందని తేలితే, మట్టి పరీక్ష చేయించి, చుట్టూ నీటిని అదుపు చేయడానికి చోటుంటే, పునాది లోతు తెలిస్తే, వానాకాలం ముందూ వెనకా కొలిచాక కొనండి. ఒకే వైపు సాగుతోందని అనిపిస్తే, కారణం కనిపెట్టి ఆపేదాకా బయానా ఇవ్వకండి. ఒక వానాకాలం ఆగడానికి ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే ఆ తొందర ఖరీదు కూడా ధరలోంచి తీసేయమనండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూసుకోండి, ఈసారి భాటా మీద.